ఫిర్యాదు కూడా సాక్ష్యమే

బతుకుతెరువు కోసం మనిషి రోజుకు ఎనిమిది పది గంటలు పనిచేసే చోట గడుపుతాడు. అది ఆఫీసు కావచ్చు, కార్ఖానా కావచ్చు, దుకాణం కావచ్చు, ఆసుపత్రి కావచ్చు. తన పనిని బట్టి తనకు విలువ ఇవ్వాలని అతను కోరుకోవడం సహజం. కాని గడ్డం చూసి, హిజాబు చూసి, పేరు విని అతన్ని పక్కన పెడితే? జుమా నమాజుకు గంటసేపు అనుమతి అడిగినందుకు ముఖం చిట్లిస్తే? ఆ సంగతి పైఅధికారికి చెప్పుకున్నాడన్న కోపంతో, ఆ మరుసటి రోజు నుంచే అతన్ని మరింత వేధిస్తే?

ఇలాంటి సందర్భాల్లో మన ఇళ్ళలో సాధారణంగా రెండు రకాల సలహాలు వినబడతాయి. పెద్దవాళ్ళు "పోనీలే బేటా, సబ్ర్ చెయ్యి. నోరు విప్పితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది" అంటారు. యువకులు "ఊరుకోవద్దు భాయ్, వాళ్ళకు బుద్ధి చెప్పాల్సిందే" అంటారు. మొదటి మాటలో భయం ఉంది, దానికి సబ్ర్ అనే పేరు పెట్టారు. రెండో మాటలో కోపం ఉంది, దానికి న్యాయం అనే పేరు పెట్టారు. మరి ఈ విషయంలో ధర్మం ఏమంటోంది? అన్యాయానికి గురైన విశ్వాసి మౌనం వహించాలా? ఫిర్యాదు చేయాలా? ఫిర్యాదు చేస్తే ఎంతవరకు చేయాలి? ఫిర్యాదు చేసినవాని పట్ల ఇతరుల బాధ్యత ఏమిటి? ఈ ప్రశ్నలను కాస్త నిదానంగా పరిశీలిద్దాం.

ఒక కమ్మరి, ఒక సర్దారు

హజ్రత్ ఖబ్బాబ్ బిన్ అరత్ (రజి) మక్కాలో కమ్మరి పని చేసేవారు. తొలిరోజుల్లోనే ఇస్లాం స్వీకరించి, అందుకు ఘోరమైన చిత్రహింసలు అనుభవించిన సహాబీ ఆయన. ఖురైషు సర్దారుల్లో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ ఆయనకు కొంత సొమ్ము బాకీ పడ్డాడు. ఖబ్బాబ్ (రజి) ఆ సొమ్ము అడగడానికి వెళ్ళారు. ముహమ్మద్‌ (స)ను తిరస్కరిస్తే తప్ప బాకీ తీర్చనన్నాడు ఆస్. నీవు చచ్చి మళ్ళీ లేపబడేదాకా కూడా నేను ఆ పని చేయనన్నారు ఖబ్బాబ్ (రజి). అయితే మరణానంతరం నాకు సంపద, సంతానం లభించినప్పుడే నీ బాకీ తీరుస్తానని ఆస్ ఎగతాళి చేశాడు. సూరా మర్యమ్‌లోని 77 నుంచి 80 వరకు గల ఆయతులు ఈ సందర్భంలోనే అవతరించాయని బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది.

ఈ సంఘటనను మనం సాధారణంగా విశ్వాస స్థిరత్వానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. అది నిజమే. కాని ఇందులో మరో పాఠం కూడా ఉంది. పని చేయించుకున్నవాడు, పని చేసినవాని మతాన్ని సాకుగా చూపి అతనికి రావలసింది ఎగ్గొట్టాడు. ఉద్యోగంలో మతవివక్ష అని ఈనాడు మనం పిలిచేది సరిగ్గా ఇదే. ఖబ్బాబ్ (రజి) విశ్వాసాన్ని వదులుకోలేదు, సొమ్ము అడగడమూ మానలేదు. అడిగినందుకు ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఆయన పక్షాన దివ్య ఖుర్ఆన్ మాట్లాడింది.

విచిత్రమేమిటంటే ఇదే ఆస్ బిన్ వాయిల్ అంతకు ఎన్నో ఏళ్ళ ముందు కూడా ఇలాంటి పనే చేశాడు. యెమన్ దేశంలోని జుబైద్ తెగకు చెందిన ఒక వర్తకుని దగ్గర సరుకు తీసుకొని డబ్బు ఇవ్వలేదు. ఆ పరదేశికి మక్కాలో అండ లేదు. కొందరు సర్దారులను ఆశ్రయిస్తే వాళ్ళు కసిరి పంపారు. అప్పుడతను అబూ ఖుబైస్ కొండ ఎక్కి, కాబా దగ్గర కూర్చున్న ఖురైషులకు వినబడేలా తనకు జరిగిన అన్యాయాన్ని చాటాడు. ఆ కేక ఫలించింది. అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో కొన్ని కుటుంబాలవారు సమావేశమై, మక్కాలో ఎవరికి అన్యాయం జరిగినా, అతను స్థానికుడైనా పరదేశి అయినా, అతని హక్కు అతనికి దక్కేవరకు అండగా ఉంటామని ప్రమాణం చేశారు. ఆస్ దగ్గరి నుంచి సరుకు తిరిగి ఇప్పించారు. చరిత్రలో ఇది 'హిల్ఫుల్ ఫుజూల్' పేరుతో ప్రసిద్ధి చెందింది. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళ వయసులో ఉన్న ముహమ్మద్ (స) ఆ సమావేశంలో పాల్గొన్నారు. ప్రవక్త పదవి లభించిన తరువాత కూడా ఆయన దాన్ని ఎంతో గౌరవంగా గుర్తుచేసుకునేవారు. ఇస్లాం వచ్చాక కూడా అలాంటి ఒప్పందానికి తనను పిలిస్తే వెళతానని చెప్పేవారు.

ఆ వర్తకుడు ముస్లిం కాడు. ఆ సభలో కూర్చున్నవాళ్ళూ ముస్లిములు కారు. అయినా దైవప్రవక్త (స) దాన్ని మెచ్చుకున్నారంటే అన్యాయానికి గురైనవాడు గొంతెత్తడం, ఆ గొంతు వినడానికి ఒక వ్యవస్థ ఉండడం ఇస్లాం దృష్టిలో మంచి విషయాలే అని అర్థం. ఆ వ్యవస్థను నడిపేవారు ఏ మతంవారైనా సరే.

సబ్ర్ అంటే మౌనమేనా?

సబ్ర్ అనే పదాన్ని మనం చాలా తేలికగా వాడుతుంటాం. అందులో నిలకడ ఉంది, నిగ్రహం ఉంది, సత్యాన్ని అంటిపెట్టుకొని ఉండడం ఉంది. నోరు మూసుకోవడం ఒక్కటే సబ్ర్ అయితే ఖబ్బాబ్ (రజి) సర్దారు గుమ్మం తొక్కేవారే కారు.

చెడును గురించి బాహాటంగా మాట్లాడడం అల్లాహ్‌కు ఇష్టం లేదని, అయితే అన్యాయానికి గురైనవాని విషయం వేరని సూరా నిసా (4:148) తెలియజేస్తోంది. సూరా షూరాలో (42:39-43) ఈ విషయం మరింత వివరంగా ఉంది. విశ్వాసులు తమపై దౌర్జన్యం జరిగితే దాన్ని ఎదుర్కొంటారని, చెడుకు ప్రతిఫలం ఆ చెడు పాటిదే ఉండాలని, క్షమించి సర్దుకుపోయేవారి ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉందని, అన్యాయం జరిగాక తమ హక్కు కోసం నిలబడినవారిని నిందించే వీలు లేదని ఆ ఆయతులు చెబుతున్నాయి. చివరగా ఓర్పు, మన్నింపు గొప్ప సాహసకార్యాలని గుర్తుచేస్తున్నాయి.

ఈ వరుసను గమనించండి. మొదట హక్కు, తరువాత హద్దు, ఆ తరువాత క్షమాపణ. హక్కు ఉన్నవాడే క్షమించగలడు. బాకీ అడిగే ధైర్యమే లేనివాడు బాకీ మాఫీ చేశానని చెప్పుకుంటే అందులో నిజమెంత? ఉద్యోగం పోతుందన్న భయంతో ఊరుకున్నవాడు అల్లాహ్ ముందు దోషి కాడు, అతని నిస్సహాయత అల్లాహ్‌కు తెలుసు. కాని ఆ భయాన్ని ధర్మమని ఇతరులకు బోధించకూడదు.

ఇక్కడ మరో సూక్ష్మ విషయం ఉంది. మనిషి తన సొంత హక్కును వదులుకోవచ్చు. ఇతరుల హక్కును వదులుకునే అధికారం అతనికి లేదు. ఒక అధికారి ఒక ఆడపిల్లను హిజాబు కారణంగా ఉద్యోగం నుంచి తప్పించాడనుకుందాం. ఆమె మౌనం వహిస్తే ఆ తరువాత వచ్చే అమ్మాయికీ అదే జరుగుతుంది. "ఫిర్యాదు చేస్తే మనవాళ్ళకు చెడ్డపేరు వస్తుంది, రేపు ఇంకో ముస్లింకు ఉద్యోగం ఇవ్వరు" అని కొందరు వాదిస్తారు. నిజానికి అబద్ధపు ఫిర్యాదు వల్ల ఆ ప్రమాదం ఉంది. నిజమైన ఫిర్యాదు మాత్రం తరువాత వచ్చేవాని దారిలో ముల్లు తీసేస్తుంది.

ఫిర్యాదుకూ కొలమానం ఉంది

నాణేనికి రెండోవైపు చూద్దాం. ఫిర్యాదు అంటే ఒక వ్యక్తిపై సాక్ష్యం చెప్పడం. అందుచేత సాక్ష్యానికి ధర్మం విధించిన షరతులన్నీ దానికి వర్తిస్తాయి. న్యాయం కోసం గట్టిగా నిలబడండని, అది మీకు, మీ తల్లిదండ్రులకు, మీ బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సరే నిజమే పలకండని సూరా నిసా (4:135) ఆదేశిస్తోంది. ఏదైనా ఒక జాతిపట్ల ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని సూరా మాయిదా (5:8) హెచ్చరిస్తోంది. మనల్ని చిన్నచూపు చూసే అధికారి విషయంలోనూ ఈ ఆజ్ఞ వర్తిస్తుంది. అతను చేసిన తప్పు ఎంతో అంతే చెప్పాలి. ఒకసారి అన్న మాటను పదిసార్లు అన్నాడని చెబితే, ఆ తొమ్మిదిసార్ల విషయంలో అతను మజ్లూమ్, మనం జాలిమ్.

మదీనాలో జరిగిన ఒక సంఘటన ఈ సందర్భంగా గుర్తుచేసుకోవాలి. బనూ జఫర్ తెగకు చెందిన ఒక వ్యక్తి కవచం దొంగిలించి, దాన్ని ఒక యూదుని ఇంట్లో దాచాడని, ఆ తరువాత ఆ నేరాన్ని యూదునిపై మోపాడని పలువురు ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు ఉల్లేఖించారు. తెగవాళ్ళంతా మనవాడు అని అతన్ని సమర్థించారు. పైకి కనబడే ఆధారం కూడా యూదునికి వ్యతిరేకంగానే ఉంది. అప్పుడు సూరా నిసాలోని 105 నుంచి 112 వరకు గల ఆయతులు అవతరించాయి. ద్రోహుల తరఫున వాదించవద్దని, తాను చేసిన పాపాన్ని అమాయకునిపై నెట్టేవాడు ఘోరమైన అభాండాన్ని తలకెత్తుకుంటాడని అల్లాహ్ ప్రకటించాడు. ముస్లిం అని చెప్పుకునేవాని అబద్ధం నుంచి ఒక ముస్లిమేతరుణ్ణి కాపాడడానికి ఆకాశం నుంచి వాణి దిగివచ్చింది. మనవాడు, పరాయివాడు అనే తేడా న్యాయంలో లేదనడానికి ఇంతకు మించిన రుజువు ఏం కావాలి?

ప్రమోషన్ రాని ప్రతిసారీ దానికి కారణం మతమే కాకపోవచ్చు. ఆలస్యంగా రావడం, పని సరిగా చేయకపోవడం, తోటివారితో గొడవపడడం వంటి కారణాలు కూడా ఉండవచ్చు. అనుమానాల్లో చాలావాటికి దూరంగా ఉండాలని, కొన్ని అనుమానాలు పాపమవుతాయని సూరా హుజురాత్ (49:12) బోధిస్తోంది. అందుచేత ఫిర్యాదు చేసేముందు మనిషి తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. నాలాగే పని చేసే మరో మతంవాడు ఇదే పొరపాటు చేస్తే అతనితో కూడా ఇలాగే వ్యవహరించేవారా? దీనికి నిజాయితీగా వచ్చే జవాబే మొదటి సాక్ష్యం.

వాక్చాతుర్యంతో తనకు అనుకూలంగా తీర్పు పొందినవానికి దైవప్రవక్త (స) చేసిన హెచ్చరిక మనకు తెలిసిందే. తన తోటివాని హక్కును అలా పొందినవాడు నరకాగ్ని ముక్కను పొందినట్లేనని ఆయన చెప్పారు. ఈ హదీసును హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ, ముస్లిం). న్యాయస్థానం ఇచ్చిన తీర్పు అబద్ధాన్ని హలాల్ చేయదు.

చట్టం నేర్పే పాఠాలు

మన తెలుగు ముస్లిం కుటుంబాల పిల్లలు ఎందరో అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఉద్యోగంలో మతవివక్షపై అక్కడ ఒక స్పష్టమైన చట్టం ఉంది. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడవ భాగం జాతి, రంగు, మతం, స్త్రీపురుష భేదం, పుట్టిన దేశం ఆధారంగా ఉద్యోగంలో వివక్షను నిషేధించింది. 15 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉద్యోగులున్న సంస్థలకు ఇది వర్తిస్తుంది. 1972లో చేసిన సవరణ ప్రకారం మతమంటే విశ్వాసం ఒక్కటే కాదు, ఆచరణ కూడా. సంస్థకు మితిమీరిన ఇబ్బంది కలగనంతవరకు ఉద్యోగి మతాచరణకు వెసులుబాటు కల్పించాలి.

2008లో ఓక్లహామా రాష్ట్రంలోని టల్సా నగరంలో సమంతా ఎలౌఫ్ అనే పదిహేడేళ్ళ ముస్లిం అమ్మాయి అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ అనే దుస్తుల కంపెనీ దుకాణంలో ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుంది. తలకు స్కార్ఫు కట్టుకొని ఇంటర్వ్యూకు వెళ్ళింది. ఆమెకు ఉద్యోగానికి సరిపడా మార్కులు వేశారు. కాని తలపై ఏదీ ధరించరాదన్నది కంపెనీ నియమమని చెప్పి పైఅధికారి ఆమెను వద్దన్నాడు. ఇది మతాచారమని ఆమె మాతో చెప్పనే లేదని కంపెనీ వాదించింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2015 జూన్ 1న కోర్టు 8-1 మెజారిటీతో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. అభ్యర్థి నోరు తెరిచి చెప్పిందా లేదా అన్నది ముఖ్యం కాదని, మతాచరణకు వెసులుబాటు ఇవ్వాల్సి వస్తుందనే ఉద్దేశంతో ఉద్యోగం నిరాకరించడమే నేరమని ఆ తీర్పు సారాంశం.

మరో తీర్పు 2023 జూన్ 29న వచ్చింది. పెన్సిల్వేనియాలో జెరాల్డ్ గ్రాఫ్ అనే తపాలా ఉద్యోగి క్రైస్తవుడు. ఆదివారం తన ఆరాధన దినమని, ఆ రోజు పని చేయలేనని కోరాడు. కొద్దిపాటి ఖర్చును మించితే చాలు, సంస్థ వెసులుబాటు నిరాకరించవచ్చని 1977 నాటి ఒక తీర్పు ఆధారంగా కింది కోర్టులు భావిస్తూ వచ్చాయి. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని సరిదిద్దింది. సంస్థ వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని చూపించినప్పుడే నిరాకరించడానికి వీలుంటుందని స్పష్టం చేసింది. ఆదివారం కోసం ఒక క్రైస్తవుడు వేసిన కేసు శుక్రవారం నమాజు కోరే ముస్లింకూ, శనివారం పాటించే యూదునికీ మేలు చేసింది. హిల్ఫుల్ ఫుజూల్ స్ఫూర్తి ఇదే. ఒకరి కోసం తెరిచిన తలుపు అందరికోసం తెరుచుకుంటుంది.

ప్రతీకారం: నోళ్ళు మూయించే పాపం

వివక్ష కన్నా ఒక విధంగా ఘోరమైనది మరొకటి ఉంది. అది ఫిర్యాదు చేసినవానిపై కక్ష తీర్చుకోవడం. వివక్ష ఒక వ్యక్తి హక్కును కాజేస్తుంది. కక్షసాధింపు చూస్తున్నవాళ్ళందరి నోళ్ళూ మూయిస్తుంది. ఒకణ్ణి శిక్షిస్తే వందమందికి సందేశం అందుతుంది.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు సూరా బఖరాలోని 282వ ఆయతు. అది అప్పు పత్రాలు, సాక్షుల గురించి చెబుతుంది. రాసేవానికి గానీ, సాక్షికి గానీ హాని కలిగించరాదని అందులో స్పష్టమైన ఆజ్ఞ ఉంది. అలా చేస్తే అది అవిధేయతేనని కూడా ఉంది. ఆ వెంటనే 283వ ఆయతు సాక్ష్యాన్ని దాచవద్దని ఆదేశిస్తోంది. ఈ రెండింటి మధ్య సంబంధం ఆలోచించండి. సాక్షికి రక్షణ లేని చోట సాక్ష్యం ఎవరు చెబుతారు?

దైవప్రవక్త (స) జీవితంలో ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది. ఆయన ఒక వ్యక్తికి ఒంటె బాకీ ఉన్నారు. ఆ వ్యక్తి వచ్చి చాలా కఠినంగా మాట్లాడాడు. సహాబాలు అతనిపైకి వెళ్ళబోయారు. దైవప్రవక్త (స) వారిని ఆపి, హక్కు ఉన్నవానికి మాట్లాడే అధికారం ఉంటుందని చెప్పారు. అతనికి రావలసిన దానికంటే మేలైన ఒంటెను ఇప్పించారు (బుఖారీ). అధికారం చేతిలో ఉంది, అనుచరులు సిద్ధంగా ఉన్నారు, ఎదుటివాడు మర్యాద తప్పాడు. అయినా కక్షకు తావివ్వలేదు. ఫిర్యాదు చేసేవాని గొంతు మోటుగా ఉందన్న సాకుతో అతని హక్కును కొట్టేయకూడదని ఇందులో పాఠం ఉంది.

అమెరికా చట్టం కూడా కక్షసాధింపును విడిగా నిషేధించింది. 2020 ఆర్థిక సంవత్సరంలో అక్కడి సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు మొత్తం 67,448 ఫిర్యాదులు అందగా, వాటిలో 37,632 ఫిర్యాదుల్లో కక్షసాధింపు ఆరోపణ ఉంది. మతవివక్ష ఆరోపణ ఉన్నవి 2,404. అంటే తొలి అన్యాయం కంటే, దాన్ని బయటపెట్టినందుకు జరిగే అన్యాయం గురించే ఎక్కువమంది మొరపెట్టుకుంటున్నారు.

కక్షసాధింపు అంటే ఉద్యోగం నుంచి తీసేయడం ఒక్కటే కాదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మతానికి సంబంధించినది కాదు, ఒక రైల్వే కంపెనీలో పనిచేసే మహిళది. ఫిర్యాదు చేశాక ఆమెను యంత్రం నడిపే పని నుంచి తప్పించి పట్టాల మీద మోటు పనికి పంపారు. తరువాత 37 రోజులు జీతం లేకుండా సస్పెండ్ చేశారు. సామాన్య ఉద్యోగి ఫిర్యాదు చేయడానికి జంకేలా చేసే ఏ చర్య అయినా కక్షసాధింపే అవుతుందని కోర్టు చెప్పింది. విచారణలో అడిగితే జవాబు చెప్పిన సాక్షికి కూడా ఈ రక్షణ ఉందని 2009లో మరో తీర్పు వచ్చింది.

అయితే రుజువు చేయడం అంత సులభం కాదు. టెక్సాస్‌లో ఒక విశ్వవిద్యాలయ వైద్యసంస్థలో పనిచేసిన, మధ్యప్రాచ్య మూలాలున్న నాయెల్ నస్సార్ అనే డాక్టరు ఉదంతం చూడండి. తన పైఅధికారిణికి అరబ్బుల పట్ల, ముస్లిముల పట్ల చిన్నచూపు ఉందని ఆరోపిస్తూ ఆయన లేఖ రాసి రాజీనామా చేశాడు. ఆ తరువాత ఆయనకు వేరే ఆసుపత్రిలో రాబోయిన ఉద్యోగం ఆగిపోయింది. జ్యూరీ ఆయన పక్షాన నిలిచింది. కాని 2013లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ తీర్పును పక్కన పెట్టింది. కక్ష కూడా ఒక కారణమని చూపితే చాలదని, కక్ష లేకపోతే ఆ నష్టం జరిగేదే కాదని నిరూపించాలని చెప్పింది. నలుగురు న్యాయమూర్తులు దీంతో విభేదించారు. మనసులోని కక్షను మనుషుల కోర్టు తూచడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. హృదయాల్లో దాగినది తెలిసిన న్యాయస్థానం మరొకటి ఉందన్న నమ్మకమే విశ్వాసికి ఆసరా.

అమెరికా చట్టంలో గమనించదగ్గ విషయం మరొకటి ఉంది. వివక్ష జరిగిందన్న ఫిర్యాదు చివరికి నిలబడకపోయినా, ఫిర్యాదీ నిజాయితీగా, సహేతుకంగా అలా నమ్మి ఉంటే సంస్థలో వ్యతిరేకత తెలిపినందుకు అతనిపై కక్ష తీర్చుకోకూడదు. పొరపాటు పడడం వేరు, అబద్ధమాడడం వేరు. చట్టం గీసిన ఈ గీత, సంకల్పాన్ని బట్టే ఆచరణకు విలువ అనే మన మౌలిక సూత్రానికి దగ్గరగా ఉంది.

మన దేశంలో

మన రాజ్యాంగంలోని 16(2) అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో మతం ఆధారంగా వివక్షను నిషేధిస్తోంది. మత స్వేచ్ఛకు 25వ అధికరణం హామీ ఇస్తోంది. కాని ప్రైవేటు సంస్థల్లో మతవివక్షను నేరుగా నిషేధించే సమగ్రమైన చట్టం మన దేశంలో లేదు. మన పిల్లల్లో ఎక్కువమంది పనిచేసేది ప్రైవేటు రంగంలోనే. కాబట్టి ఇక్కడ కంపెనీ నియమావళి, అంతర్గత ఫిర్యాదుల విభాగం, కార్మిక సంఘం, తోటి ఉద్యోగుల మాటసాయం మరింత ముఖ్యమవుతాయి. చట్టం లేనిచోట ధర్మం బాధ్యత పెరుగుతుంది.

మనం యజమానులమైతే?

ఇంతవరకు మనల్ని మనం ఫిర్యాదీ స్థానంలో ఊహించుకున్నాం. ఇప్పుడు కుర్చీకి అవతలివైపు కూర్చుందాం. మనలోనూ యజమానులున్నారు. హోటళ్ళు, మెకానిక్ షెడ్లు, బట్టల దుకాణాలు, తోళ్ళ వ్యాపారాలు, బడులు నడిపేవారున్నారు. అక్కడ పనిచేసే హిందూ, క్రైస్తవ, దళిత సోదరులతో మన వ్యవహారం ఎలా ఉంది? రంజానుకు పని వేళలు మార్చుకునే మనం, సంక్రాంతికి, బతుకమ్మకు, క్రిస్మసుకు వాళ్ళు సెలవు అడిగితే సంతోషంగా ఇస్తున్నామా? జీతం గురించి నిలదీసిన పనివాణ్ణి మరుసటి నెల నుంచి రావద్దంటున్నామా?

హజ్రత్ మూసా (అలై)ను పనిలో పెట్టుకోమని ఆ అమ్మాయి తన తండ్రికి సిఫారసు చేసినప్పుడు చెప్పిన గుణాలు రెండే. బలం, నమ్మకం (28:26). మహాప్రవక్త (స) హిజ్రత్ ప్రయాణానికి దారి చూపడానికి కూలికి కుదుర్చుకున్న వ్యక్తి అప్పటికి ఖురైషుల మతంలోనే ఉన్నాడు. ప్రాణాలకే ముప్పున్న వేళ ఆయన చూసినది ఆ మనిషి నేర్పును, నమ్మకాన్ని. దైవప్రవక్త (స)కు సేవలు చేసే ఒక యూద బాలుడు జబ్బుపడితే ఆయన స్వయంగా వెళ్ళి పరామర్శించారు (బుఖారీ). పని పూర్తిగా చేయించుకొని కూలి ఇవ్వనివానికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ చెప్పినట్లు హదీసు ఖుద్సీలో ఉంది (బుఖారీ). ఆ హదీసులో పనివాని మతం ప్రస్తావన లేదు.

గల్ఫ్ దేశాల సంగతి కూడా చెప్పుకోవాలి. కరీంనగర్, నిజామాబాద్ వంటి జిల్లాల నుంచి, రాయలసీమ, గోదావరి ప్రాంతాల నుంచి వెళ్ళిన తెలుగువారు అక్కడ ఎందరో పనిచేస్తున్నారు. జీతం అడిగినందుకు, ఫిర్యాదు చేసినందుకు కొందరు యజమానులు పనివాణ్ణి 'హురూబ్' కింద, అంటే పారిపోయినవాడుగా ప్రభుత్వానికి చూపిన ఉదంతాలున్నాయి. పాస్‌పోర్టు దాచిపెట్టుకున్న ఉదంతాలున్నాయి. యజమాని పేరు అబ్దుల్లాహ్ అయినంత మాత్రాన అది న్యాయమైపోదు. అమెరికాలో మన అమ్మాయి పక్షాన మాట్లాడేవాళ్ళం, అక్కడి తెలుగు కూలీ విషయంలో మౌనం వహిస్తే మన తక్కెడలోనే లోపం ఉందన్నమాట. సోదరుడు దౌర్జన్యపరుడైనా, పీడితుడైనా అతనికి సహాయం చేయాలని, దౌర్జన్యపరునికి చేసే సహాయమంటే అతన్ని దౌర్జన్యం నుంచి ఆపడమేనని దైవప్రవక్త (స) వివరించారు (బుఖారీ).

ఆచరణలో ఏం చేయాలి?

వివక్ష ఎదురైందని అనిపించినప్పుడు మొదట మన పనిలో లోపం లేకుండా చూసుకోవాలి. నమాజుకు, జుమాకు, హిజాబుకు వెసులుబాటు కావాలంటే మర్యాదగా, రాతపూర్వకంగా అడగాలి. చాలాసార్లు ఎదుటివారికి ద్వేషం ఉండదు, తెలియకపోవడమే ఉంటుంది. జరిగినదాన్ని తేదీతో, సమయంతో, అక్కడున్నవారి పేర్లతో రాసిపెట్టుకోవాలి. వ్యవహారాలను రాసుకోమని మనకు నేర్పింది దివ్య ఖుర్ఆనే కదా! విన్నది విన్నట్లు, చూసింది చూసినట్లు ఉండాలి. ఊహను సంఘటనగా రాయకూడదు. అమెరికాలో ఉన్నవారు గడువును మరవకూడదు. కమిషన్‌కు 180 రోజుల్లోగా, రాష్ట్రస్థాయిలో అలాంటి సంస్థ ఉన్న చాలాచోట్ల 300 రోజుల్లోగా ఫిర్యాదు అందాలి. తెలిసిన న్యాయవాది సలహా తీసుకోవడం మంచిది. ఎదుటివారు తప్పు ఒప్పుకొని సరిదిద్దుకుంటే రాజీకి సిద్ధంగా ఉండాలి. హక్కు చేతికొచ్చాక చూపే క్షమకు అల్లాహ్ దగ్గర గొప్ప విలువ ఉంది.

అన్యాయాన్ని చూసిన తోటి ఉద్యోగి బాధ్యత కూడా తక్కువేమీ కాదు. "నాకెందుకులే" అనుకొని పక్కకు తప్పుకోవడమూ సాక్ష్యాన్ని దాచడమే. బాధితుడు ముస్లిం అయితే ఒకలా, కాకపోతే ఒకలా వ్యవహరించకూడదు. బాధితుని మొరకు, అల్లాహ్‌కు మధ్య అడ్డుతెర ఉండదని హజ్రత్ ముఆజ్ (రజి)ను యెమన్‌కు పంపుతూ దైవప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ). ఆ మొర మనకు వ్యతిరేకంగా లేవకుండా చూసుకోవడం మన కర్తవ్యం.

కనుక ప్రియ సోదర సోదరీమణులారా! ఉద్యోగంలో అన్యాయం జరిగితే చెప్పుకోవడం మన హక్కు. జరిగినంతే చెప్పడం మన బాధ్యత. ఇతరులు చెప్పుకుంటే వినడం, వారికి హాని జరగకుండా చూడడం మన ధర్మం.

సత్యం పలికే ధైర్యాన్ని, హద్దు మీరని నిగ్రహాన్ని, మన కింద పనిచేసేవారిపట్ల న్యాయంగా వ్యవహరించే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.